సీసా మీద 'తుప్పు' అని రాస్తే సరిపోదు

విశాఖపట్నం ఆర్‌కే బీచ్ రోడ్డులో ఒకదానికొకటి ఎదురుగా రెండు పాత యుద్ధ సాధనాలు ఉన్నాయి. ఇసుక వైపున ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉంది. రోడ్డుకు అవతలి వైపున టీయూ-142 విమానం. 2017లో సేవ ముగించుకుని, అదే ఏడాది డిసెంబరులో ప్రదర్శనశాలగా మారింది. రెండింటికీ తగిలేది ఒకే ఉప్పుగాలి. కానీ ఒకటి ఉక్కు, మరొకటి ప్రధానంగా అల్యూమినియం మిశ్రమ లోహం. పైరంగు పెచ్చులూడితే ఉక్కు మీద ఎర్రటి తుప్పు పుడుతుంది. అల్యూమినియం మీద అది పుట్టదు. తెల్లటి పొడిలాంటి ఆక్సైడ్ వస్తుంది, సన్నటి గుంటలు పడతాయి.

ఈ రెండింటికీ చిన్న నమూనాలు తయారు చేసే వ్యక్తి ఒకే 'తుప్పు' సీసా తీసి రెండింటికీ పూశాడనుకోండి. జలాంతర్గామి నమూనా నిజం చెబుతుంది, విమానం నమూనా అబద్ధం చెబుతుంది. తప్పు చేతి నైపుణ్యంలో లేదు, పదార్థం తెలియకపోవడంలో ఉంది.

స్కేల్ మోడళ్ల తయారీలో ఈ పనిని 'వెదరింగ్' అంటారు. కొత్తగా మెరిసే నమూనాకు ఎండ, వాన, దుమ్ము, మసి, తుప్పు ఆనవాళ్లు కల్పించి వయసు తెచ్చే కళ ఇది. భూగర్భశాస్త్రంలో రాళ్లు క్రమంగా విచ్ఛిన్నం కావడాన్ని 'శైథిల్యం' అంటున్నాం కదా, ఇంగ్లిషులో దానికీ ఇదే మాట. బెల్జియంకు చెందిన ఫ్రాంస్వా వెర్లిండెన్ వంటివారు 1970లు, 80లలో దీన్ని సైనిక వాహనాల నమూనాల్లో ప్రాచుర్యంలోకి తెచ్చారు. ఇప్పుడు దీనికోసమే ప్రత్యేకమైన సీసాలు, డబ్బాలు, పెన్సిళ్లు అమ్ముతున్నారు. వాటి మీద 'కొత్త తుప్పు', 'పాత తుప్పు', 'ఎడారి దుమ్ము', 'ఇంజిన్ మసి' వంటి పేర్లు ఉంటాయి. లోపల ఏ వర్ణకం ఉందో, ఏ ద్రావణి ఉందో చాలా వాటి మీద కనిపించదు.

నా వాదన ఒక్కటే. ఈ సామగ్రి మీద ఊహాపేరుతో పాటు అసలు పదార్థం పేరు కూడా అచ్చు కావాలి, దాన్ని చదవడం నమూనాలు చేసేవారికి అలవాటు కావాలి. అలా జరిగితే నమూనా మరింత నిజాయతీగా తయారవుతుంది, తయారు చేసేవారి ఊపిరితిత్తులూ భద్రంగా ఉంటాయి. ఇంజినీరింగ్ విద్యార్థులు, రైలు బొమ్మల ప్రియులు, సైన్స్ ప్రదర్శనకు నమూనా తీసుకెళ్లే తొమ్మిదో తరగతి పిల్లలు అందరూ ఈ రంగుల్ని వాడుతున్న కాలంలో ఇది చిన్న విషయం కాదు.

సీసాలో ఉండేవి మూడే

ఏ రంగులోనైనా ప్రధానంగా మూడు భాగాలు ఉంటాయి. రంగునిచ్చే పొడి వర్ణకం. దాన్ని ఉపరితలానికి అంటిపెట్టేది బంధకం. పూయడానికి వీలుగా పలుచన చేసేది ద్రావణి. వెదరింగ్ సామగ్రి కూడా ఇంతే. 'వాష్' అంటే ద్రావణి ఎక్కువగా, వర్ణకం తక్కువగా ఉన్న పలుచని రంగు. 'పిగ్మెంట్' పేరుతో అమ్మే డబ్బాలో ఉండేది దాదాపుగా పొడి వర్ణకమే, బంధకం ఉండదు. అందుకే దాన్ని విడిగా ఏదో ఒక ద్రవంతో అంటించాల్సి వస్తుంది.

ఇక వర్ణకాల సంగతి. తుప్పు, మట్టి, దుమ్ము రంగులన్నింటికీ మూలం చాలావరకు ఒకే కుటుంబం: ఇనుప ఆక్సైడ్లు. ఎరుపు హెమటైట్, పసుపు గోథైట్, నలుపు మ్యాగ్నటైట్. ప్రపంచమంతటా వాడే కలర్ ఇండెక్స్ పద్ధతిలో వర్ణకాలకు సంకేతాలు ఉన్నాయి. కృత్రిమ ఎర్ర ఇనుప ఆక్సైడ్ పీఆర్ 101, సహజమైనది పీఆర్ 102. కృత్రిమ పసుపు ఆక్సైడ్ పీవై 42, సహజమైన పసుపు ఓకర్ పీవై 43. అంబర్, సియెన్నా వంటి గోధుమ రంగు మట్టి వర్ణకాలు పీబీఆర్ 7. దీపపు మసి పీబీకే 6. తెల్లటి టైటానియం డయాక్సైడ్ పీడబ్ల్యూ 6.

ఈ పేర్లు కొత్తవి కావచ్చు, పదార్థాలు మనకు కొత్తవి కావు. తెలంగాణ పల్లెల్లో గోడల అంచులకు, గద్దెలకు అలికే జాజు ఎర్ర ఇనుప ఆక్సైడ్ ఉన్న మట్టే. కావి రంగూ అదే కోవకు చెందింది. రాజస్థాన్‌తో పాటు ఆంధ్రప్రదేశ్‌లోనూ ఓకర్ తవ్వి తీస్తున్నారు. ఇనుప గేట్లకు పైరంగు వేసే ముందు పూసే 'రెడ్ ఆక్సైడ్' కూడా ఈ కుటుంబంలోనిదే. విదేశీ డబ్బాలో 'పాత తుప్పు' పేరుతో వచ్చే పొడికీ, రంగుల కొట్టులో కాగితం పొట్లంలో దొరికే ఎర్ర ఆక్సైడ్‌కీ రసాయనికంగా పెద్ద తేడా లేకపోవచ్చు. తేడా ఉండేది ఎంత మెత్తగా నూరారు, ఎంత శుద్ధి చేశారు అన్న దగ్గరే. సంకేతం అచ్చయి ఉంటే ఆ సంగతి కొనేవాడికి తెలుస్తుంది. లేకపోతే పేరుకు డబ్బు కడుతున్నాడో పదార్థానికి కడుతున్నాడో తెలియదు.

ఇందులో మరో చక్కని పాఠం ఉంది. పసుపు ఓకర్‌ను సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే అందులోని గోథైట్ నీటిని కోల్పోయి హెమటైట్‌గా మారుతుంది. పసుపు మట్టి ఎర్రబడుతుంది. చిత్రకారులు వాడే 'రా సియెన్నా', 'బర్న్‌ట్ సియెన్నా' పేర్ల మధ్య తేడా ఇదే: ఒకటి పచ్చిది, మరొకటి కాల్చినది. పాత ఇనుప పెనం మీద, పెద్దల సమక్షంలో, ఆరుబయట ఈ ప్రయోగం చేసి చూపితే విద్యార్థికి నిర్జలీకరణ చర్య పుస్తకం అవసరం లేకుండానే అర్థమవుతుంది. ఆ పొడినే చల్లార్చి రైలు పెట్టె నమూనాకు తుప్పుగా వాడుకోవచ్చు.

ఎక్కడ ఏం పాతబడుతుంది?

పదార్థం తెలిసినవాడు పూయడానికి ముందు ఒక ప్రశ్న వేసుకుంటాడు: అసలు వస్తువు దేనితో తయారైంది? దానికి జవాబు దొరికితే ఏ రంగు వేయాలో సగం తేలిపోతుంది.

మన రైళ్లనే తీసుకోండి. పాత ఐసీఎఫ్ పెట్టెలు రంగు పూసిన ఉక్కువి. వాటి నమూనాలో కిటికీల కింద, తలుపుల మూలల్లో, నీరు నిలిచే చోట తుప్పు చార గీస్తే అది నమ్మదగినదే. ఎల్‌హెచ్‌బీ పెట్టెల గోడలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి. అందులోని క్రోమియం పైన పలుచని ఆక్సైడ్ పొరగా ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. ఆ గోడ మీద ఎర్రటి తుప్పు చారలు గీయడం ఆ పెట్టె ఎందుకు తయారైందో మరచిపోవడమే. వాటి గోడలకు తగినది రైలు దుమ్ము. అడుగున చక్రాల దగ్గర బ్రేకుల అరుగుదల నుంచి వచ్చే గోధుమ రంగు పొడి కూడా సరైనదే.

ఢిల్లీ మెహ్రౌలీలోని ఇనుప స్తంభం ఇంకా మంచి ఉదాహరణ. సుమారు 1600 ఏళ్ల వయసు, 7 మీటర్లకు పైగా ఎత్తు. ఇనుము, పైగా అంత పాతది కాబట్టి దాని నమూనాకు ముదురు నారింజ తుప్పు పూయాలని అనిపిస్తుంది. కానీ ఆ స్తంభం ప్రసిద్ధి చెందిందే తుప్పుకు లొంగనందుకు. ఐఐటీ కాన్పూర్‌లో పనిచేసిన లోహశాస్త్రవేత్త ఆర్. బాలసుబ్రమణ్యం దాని కారణాన్ని వివరించారు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. దానివల్ల ఉపరితలం మీద ఇనుప ఫాస్ఫేట్‌తో కూడిన రక్షణ పొర ఏర్పడింది. కాబట్టి ఆ నమూనాకు కావాల్సింది నారింజ కాదు, అంబర్‌లో కొంచెం నలుపు కలిపిన ముదురు గోధుమ రంగు. ప్రాచీన భారతీయ లోహవిద్య గురించి మాట్లాడే ప్రదర్శనలో ఆ స్తంభాన్ని తుప్పు పట్టినట్టు చూపిస్తే నమూనా తన విషయాన్నే కాదంటుంది.

తాజ్‌మహల్ మనదేశంలో అందరికీ తెలిసిన నమూనా. ఎప్పుడూ తెల్లగా మెరుస్తూనే అమ్ముతారు. అసలు కట్టడం మీద పాలరాయి పసుపు, గోధుమ రంగులకు తిరగడం గురించి ఐఐటీ కాన్పూర్, పురావస్తు శాఖ, అమెరికా పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం 2014లో వెలువడింది. గాలిలోని ధూళి, చెత్తనూ పిడకలు, కట్టెల వంటివాటినీ కాల్చినప్పుడు వెలువడే కర్బన కణాలు అందుకు కారణమని అందులో చెప్పారు. వాయు కాలుష్యం మీద నమూనా చేసే విద్యార్థి తాజ్‌మహల్ బొమ్మ సగం మీద పలుచని ఓకర్, గోధుమ వాష్ వేసి, మిగతా సగం తెల్లగా ఉంచితే పక్కన పెద్ద చార్టు అవసరం ఉండదు.

పాత సున్నపు గార కట్టడాల మీది నలుపు విషయంలోనూ జాగ్రత్త కావాలి. దాన్నంతా పొగమసి అనుకుంటాం. వానకు తడిసి ఎండకు ఆరే గోడల మీది నలుపులో చాలాచోట్ల సయనోబ్యాక్టీరియా, శైవలాల వంటి సూక్ష్మజీవుల పాత్ర ఉంటుంది. అవి నీటి దారి వెంట పెరుగుతాయి. అంటే చూరు కింద నుంచి, నీరు కారే గాడి నుంచి కిందకు చారలుగా దిగుతాయి. పొగమసి అలా నీటి దారిని వెతుక్కోదు. ఆ తేడా తెలిసినవాడి కుంచె ఆగాల్సిన చోట ఆగుతుంది.

కుంచె వెనుక భౌతికశాస్త్రం

వెదరింగ్‌లో వాడే మెళకువలు కూడా అందరూ 'ట్రిక్కులు' అని పిలిచేవే కానీ, ఒక్కోదాని వెనుక ఒక్కో సూత్రం ఉంది.

వాష్ వేస్తే రంగు తనంతట తానే తలుపుల సందుల్లోకి, రివెట్ల చుట్టూ పాకుతుంది. ఇది కేశనాళికీయత. దీపపు వత్తి నూనెను పైకి లాగే సూత్రమే. నమూనా మీద ముందుగా మెరిసే వార్నిష్ వేసి ఉంటే వాష్ సాఫీగా పారుతుంది. మెరుపు లేని గరుకు ఉపరితలమైతే వర్ణకం మధ్యలోనే చిక్కుకుని మరకగా మిగులుతుంది. పొడి వర్ణకం సంగతి దీనికి తలకిందులు. నున్నటి చోట నిలవదు, గరుకు చోట పట్టుకుంటుంది. ఉప్పు రేణువులు అంటించి పైన రంగు వేసి, ఆరాక రాల్చేసే పద్ధతి ఉంది. హెయిర్ స్ప్రే పొర మీద అక్రిలిక్ రంగు వేసి, తడి కుంచెతో రుద్దితే పెచ్చులుగా లేచే పద్ధతి ఉంది. రెండూ నీటిలో కరిగే పొరను ఆధారం చేసుకున్నవే.

పొరల వరుస కూడా రసాయనశాస్త్రమే నిర్ణయిస్తుంది. పై పొరలోని ద్రావణి కింది పొరను కరిగించకూడదు. అందుకే అక్రిలిక్ అడుగురంగు పూర్తిగా ఆరాక నూనె రంగు లేదా ఎనామిల్ వాష్ వేస్తారు. ఆరిన అక్రిలిక్ పొరను మినరల్ టర్పెంటైన్ అంత సులువుగా కదిలించలేదు. నూనె రంగు 'ఆరడం' అంటే నీటిలా ఆవిరైపోవడం కాదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి గట్టిపడుతుంది. అందుకే రోజులు పడుతుంది. ఈ నూనెను తగ్గించడానికే చాలామంది రంగును ముందు అట్టముక్క మీద పెట్టి కాసేపు ఉంచుతారు. అట్ట నూనె పీల్చుకుంటుంది, రంగు త్వరగా ఆరుతుంది, మెరుపూ తగ్గుతుంది.

చాలా స్కేల్ మోడల్ కిట్లు పాలీస్టైరీన్‌తో చేసినవి. పాఠశాలల్లో వాడే థర్మోకోల్ కూడా గాలి బుడగలు నింపిన పాలీస్టైరీనే. మన హార్డ్‌వేర్ కొట్లలో దొరికే ఎన్‌సీ థిన్నర్‌లో టోలీన్ వంటి బలమైన ద్రావణులు ఉంటాయి. అవి పాలీస్టైరీన్‌ను కరిగించేస్తాయి. థర్మోకోల్ మీద స్ప్రే రంగు కొట్టగానే అది గుంటలు పడి కుంగిపోవడం చాలామంది ఉపాధ్యాయులు చూసే ఉంటారు. 'థిన్నర్' అన్న ఒక్క మాట రాసి ఉన్న సీసా ఈ సంగతి చెప్పదు. 'టర్పెంటైన్' పేరుతోనూ ఇలాంటి గందరగోళమే ఉంది. హార్డ్‌వేర్ కొట్లో ఆ పేరుతో సాధారణంగా దొరికేది పెట్రోలియం నుంచి తీసిన మినరల్ టర్పెంటైన్. దేవదారు జాతి చెట్ల బంక నుంచి తీసేది వేరు. కొందరికి చర్మం మీద దద్దుర్లు తెప్పించే గుణం రెండోదానికి ఎక్కువ. రెండింటికీ ఒకే పేరు, రెండు వేర్వేరు పదార్థాలు.

లెక్క తప్పితే నిజం తప్పుతుంది

స్కేల్ అంటే పరిమాణం మాత్రమే కాదు, మరకలకూ వర్తిస్తుంది. సుమారు 91 మీటర్ల పొడవైన కురుసుర 1:350 స్కేల్‌లో 26 సెంటీమీటర్లు అవుతుంది. దాని మీద ఒక్క మిల్లీమీటరు వెడల్పున గీసిన తుప్పు చార అసలు నౌక మీద 35 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ. 1:35 ట్యాంకు నమూనా మీద అర మిల్లీమీటరు పెచ్చు అసలు ట్యాంకు మీద 17.5 మిల్లీమీటర్లు. 1:72 నమూనా మీద దుమ్ము కోసం చల్లిన 0.1 మిల్లీమీటరు రేణువు అసలు కొలతలో 7 మిల్లీమీటర్లకు పైగా ఉన్న గులకరాయి. ఇసుక చల్లి దుమ్ము అనుకోవడం ఇక్కడే బెడిసికొడుతుంది. మెత్తటి వర్ణకం కావాలనడానికి కారణం ఇదే.

చూసే దూరం కూడా మారుతుంది. 1:72 నమూనాను 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే, అసలు విమానాన్ని 21.6 మీటర్ల నుంచి చూసినట్టు. దూరం పెరిగే కొద్దీ మధ్యలోని గాలి కాంతిని చెదరగొట్టి రంగుల్ని కాస్త పాలిపోయినట్టు చూపిస్తుంది. అందుకే అనుభవజ్ఞులు నల్ల చక్రాలకు పూర్తి నలుపు వాడరు, ముదురు బూడిద వాడతారు. ఎనిమిదో తరగతి నిష్పత్తుల పాఠానికి ఇంతకన్నా మంచి లెక్కలు దొరకవు.

మెత్తటి పొడి, మూసిన గది

మెత్తటి వర్ణకమే మంచి ఫలితం ఇస్తుందని ఇప్పుడే చెప్పుకున్నాం. చిక్కు కూడా అక్కడే ఉంది. ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్లేవి సుమారు నాలుగు మైక్రాన్ల లోపు కణాలు. ఇనుప ఆక్సైడ్ వర్ణకాల కణాలు చాలావరకు ఆ పరిమాణంలోనివే. ఇనుప ఆక్సైడ్ దానంతట అది పెద్ద విషం కాదు. కానీ సహజ ఓకర్ మట్టిలో స్ఫటిక సిలికా కలిసి ఉండవచ్చు. పీల్చినప్పుడు స్ఫటిక సిలికా క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో చేర్చింది. కార్బన్ బ్లాక్, టైటానియం డయాక్సైడ్ 'అవకాశం ఉన్న' 2బీ వర్గంలో ఉన్నాయి. దుమ్ము కోసం చాలామంది చల్లే టాల్కం పౌడర్‌లోని టాల్క్‌ను 2024లో 'బహుశా కారకం' అనే 2ఏ వర్గంలో చేర్చారు. అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది. ఈ వర్గీకరణలు ఆధారాల బలాన్ని చెబుతాయి కానీ ఒక్కసారి వాడితే ఎంత ప్రమాదమో చెప్పవు. కాబట్టి భయపడాల్సిన పని లేదు, కిటికీ తెరిచి మాస్కు కట్టుకోవాల్సిన పని ఉంది.

అసలు ఆందోళన వేరేది. 'కొత్త తుప్పు' అనే ప్రకాశవంతమైన నారింజ రంగును అనేక రకాలుగా తయారు చేయవచ్చు. పసుపు, ఎరుపు ఇనుప ఆక్సైడ్లతో చేయవచ్చు. కర్బన వర్ణకాలతో చేయవచ్చు. సీసపు క్రోమేట్, మాలిబ్డేట్ ఉన్న పీఆర్ 104తోనూ చేయవచ్చు. పసుపులో కల్తీగా వార్తల్లో వినిపించే లెడ్ క్రోమేట్ కూడా ఈ కోవదే, దాని సంకేతం పీవై 34. పిల్లల శరీరంలో సీసానికి సురక్షితమైన స్థాయి అంటూ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ మూడు రంగులూ కంటికి దగ్గరదగ్గరగానే కనిపిస్తాయి. సీసా మీద సంకేతం ఉంటే తప్ప కొనేవాడికి తేడా తెలిసే మార్గం లేదు.

ద్రావణుల విషయంలో మన వాతావరణం మరో జాగ్రత్త కోరుతుంది. మినరల్ టర్పెంటైన్ ఆవిరి నిప్పు అంటుకునే ఉష్ణోగ్రత సుమారు 40 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో రేకుల గది ఉష్ణోగ్రత దానికి ఏమీ తక్కువ కాదు. అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి బుట్టలో పడేస్తే, ఆక్సీకరణంలో పుట్టే వేడి బయటకు పోలేక అది తనంతట తానే అంటుకోవచ్చు. అలాంటి గుడ్డల్ని విప్పి పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచాలి.

వినిపించే అభ్యంతరాలు

ఇది కళ కదా, కళాకారుడికి రసాయనశాస్త్రం ఎందుకని కొందరు అంటారు. కళలో అతిశయోక్తికి చోటు ఉంది, నిజమే. చిన్న వస్తువు మీద నీడలు అసలు వస్తువు మీద పడినంత గాఢంగా పడవు. అందుకే సందుల్లో ముదురు వాష్, అంచుల మీద లేత రంగు పొడి కుంచెతో రుద్దడం అవసరమవుతాయి. అది చూపును సరిదిద్దే అతిశయోక్తి. అల్యూమినియం మీద ఎర్ర తుప్పు అలాంటిది కాదు, వస్తువు గురించి తప్పు సమాచారం. ఇంగ్లండ్‌లోని పెండన్ మ్యూజియం ఇక్కడ గుర్తుకొస్తుంది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన రోయ్ ఇంగ్లండ్ 1930ల నాటి పల్లెలు కనుమరుగవుతున్నాయని గమనించి వాటిని 1:76 స్కేల్‌లో నమోదు చేయడం మొదలుపెట్టారు. అట్టతో గోడలు చేసి నీటిరంగులతో వాటి వయసును చూపించిన ఇళ్లు అక్కడ ఉన్నాయి. ఆ పల్లెలు మారిపోయాక ఆ నమూనాలే చరిత్రకు సాక్ష్యాలయ్యాయి. సాక్ష్యంగా నిలిచే నమూనాకు మరక కూడా నిజంగానే ఉండాలి.

సీసా చిన్నది, అంతా రాయడానికి చోటెక్కడిది అన్నది రెండో అభ్యంతరం. వర్ణక సంకేతానికి పట్టేది ఐదారు అక్షరాల చోటు. చిత్రకారుల నూనె రంగు ట్యూబుల్లో చాలా వాటి మీద అది ఇప్పటికే ఉంటోంది. ట్యూబుకు సాధ్యమైనది సీసాకు ఎందుకు కాదు?

ఇంత తక్కువ వాడకానికి ఇంత హడావుడి ఎందుకన్నది మూడోది. ఒక్కరు ఒక్క నమూనాకు వాడేది తక్కువే. కానీ ఇష్టపడి చేసేవారు ఏళ్ల తరబడి, పడకగదిలోనే, రాత్రి తలుపులు మూసుకుని చేస్తారు. పిల్లలు కుంచెను నోటితో మొన చేస్తారు. లెక్క వేయాల్సింది సీసా పరిమాణం కాదు, అలవాటు కాలం.

ఏం చేయాలి?

అమెరికాలో కళాసామగ్రిలోని దీర్ఘకాలిక ఆరోగ్య ప్రమాదాలను లేబుల్ మీద తెలపాలని 1988లోనే చట్టం చేశారు. మన దేశంలో గృహ, అలంకరణ రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలు మించకూడదని 2016లో నియమాలు వచ్చి, 2017 నవంబరు నుంచి అమలయ్యాయి. 14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ ప్రమాణం తప్పనిసరి అయింది. ఇంటి గోడ గురించి ఆలోచించాం, చిన్నపిల్లల బొమ్మ గురించి ఆలోచించాం. హాబీ, చేతిపనుల రంగులకు ఆ వరుసలో తర్వాతి స్థానం దక్కాలి. అందుకు కొత్త పరిశోధన ఏదీ అవసరం లేదు. వర్ణక సంకేతం, ద్రావణి పేరు, పీల్చకూడదన్న హెచ్చరిక ప్రాంతీయ భాషలో ఒక వాక్యం: ఈ మూడూ ఉంటే చాలు.

నియమం వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. కొట్టులో సీసా తిప్పి చూసి సంకేతం అడగండి. లేకపోతే సంకేతం ఉన్న నూనె రంగు ట్యూబు కొనుక్కోండి. అంబర్, సియెన్నా, ఎర్ర ఆక్సైడ్, నలుపు, తెలుపు అనే ఐదు ట్యూబులతో తుప్పు, మట్టి, దుమ్ము, మసి దాదాపు అన్నీ వస్తాయి. పిల్లలకైతే నీటితో పలుచన చేసే రంగులే ఇవ్వండి. పొడిని ఊదకండి, తడి గుడ్డతో తుడవండి. కుంచెను నోట్లో పెట్టకండి. ఫ్యాను కింద కాదు, తెరిచిన కిటికీ దగ్గర పని చేయండి.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. సైన్స్ ప్రదర్శనల్లో ఆనకట్ట, వంతెన, రైలింజను, కర్మాగారం నమూనాలన్నీ ఇప్పుడే ప్రారంభోత్సవం జరిగినట్టు మెరుస్తుంటాయి. మెరుపుకు మార్కులు వేయడం కాస్త తగ్గించండి. 'ఈ వంతెన ఇరవై వానాకాలాల తర్వాత ఎలా ఉంటుంది, తుప్పు మొదట ఎక్కడ పడుతుంది, ఎందుకు?' అని ఒక్క ప్రశ్న అడగండి. పిల్లవాడు ఆ సాయంత్రం ఊళ్లోని నిజమైన వంతెన దగ్గరకు వెళ్లి, నీరు ఎటు కారుతోందో, రంగు ఎక్కడ ఊడిందో చూసి వస్తాడు. మర్నాడు నమూనా మీద ఆ చోటనే ఎర్ర ఆక్సైడ్ చుక్క పెడతాడు. ఆ చుక్క ఎందుకు పెట్టావని న్యాయనిర్ణేత అడిగితే అతని దగ్గర జవాబు ఉంటుంది.